నేల మీది పసుపు గుర్తు

పిచిత్ గుప్పిట్లో ఏం దాచుకున్నాడు? పోయిన వారం ఈ ప్రశ్న ముందు కన్నికాను నిలబెట్టి మనం మన పనుల్లో పడిపోయాం. ఆమెకి మాత్రం ఆ వీలు లేకపోయింది. మధ్యలో వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. థాయ్‌లాండ్‌లోని కోరాట్‌లో హియా సెంగ్ గారి కారు అద్దాల షాపులో కన్నికాది పదకొండేళ్ల ఉద్యోగం. బండికి ముందద్దం మార్చాక, ఆ అద్దం వెనకుండే కెమెరాకి మళ్లీ చూపు కుదర్చడం ఆమె పని. ఆ చూపు సరిగ్గా ఉంటేనే బండి ముందున్నదాన్ని గుర్తుపట్టి, అవసరమైతే తనే బ్రేకు వేస్తుంది. పన్నెండు రోజుల కిందట ప్రయోంగ్ మాస్టారి తెల్ల కారు మిత్రఫాప్ రోడ్డు మీద, ముందు పురుగైనా లేని చోట, తనంతట తనే బ్రేకు వేసి ఆగిపోయింది. వెనక వస్తున్న పికప్ దాన్ని గుద్దింది. పికప్ నడుపుతున్న సీతాఫలాలమ్మే బున్‌రోత్ తుంటి విరిగి ఆసుపత్రిలో పడున్నాడు. మాస్టారి కారుకి చూపు కుదిరిందని సంతకం పెట్టింది కన్నికానే. తప్పు తనది కాదని ఇవాళ తేల్చుకోలేకపోతే సర్టిఫికెట్ పోతుంది, ఆపైన పోలీసు కేసు. ఇలాంటి సమయంలో, నిన్న మధ్యాహ్నం ఆమె అన్నం తిని తిరిగొచ్చేసరికి, తోటి పనివాడు పిచిత్ ఆమె పనిచేసే గదిలో వంగి నేల గీకుతూ కనిపించాడు. అడుగుల చప్పుడు వినగానే లేచి గుప్పిట మూసేశాడు.

ఇవాళ పొద్దున్నే ఆ చేతులే ఆమెకి ఐస్ కాఫీ పట్టుకొచ్చాయి.

"తాగక్కా. పాలు ఎక్కువేయించా, నీకిష్టమని" అన్నాడు పిచిత్, ప్లాస్టిక్ సంచిలోని కాఫీ బల్ల మీద పెడుతూ.

ఆరేళ్లుగా పక్కపక్కన పనిచేస్తున్నారు. ఈ ఆరేళ్లలో పిచిత్ ఆమెకి మంచినీళ్లు కూడా అందించిన పాపాన పోలేదు. కన్నికా ఆ సంచి వంక చూసింది, తర్వాత అతని మొహం వంక చూసింది. ఏమిటీ మర్యాద? చచ్చేవాళ్లకి చివరి కోరిక తీరుస్తున్నాడా?

"ఆకలిగా లేదురా" అంది.

"కాఫీకి ఆకలేంటక్కా!"

"దాహంగా కూడా లేదు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. కళ్లు ఒక్కసారి ఆమె గది నేల వైపు పోయి వచ్చాయి. కన్నికా అది చూడనట్టే గ్లవుజులు తొడుక్కుంది. కాఫీలో మంచు కరిగి, సంచికి చెమట పట్టి, బల్ల తడిసింది గానీ ఆమె దాన్ని ముట్టుకోలేదు.

పదింటికి ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ వచ్చాడు. పేరు థీరయుత్. నలభై దాటినవాడు, నెమ్మదిగా మాట్లాడేవాడు, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యాక కూడా ఇంకేదో వస్తుందన్నట్టు కాసేపు చూస్తూ కూర్చునేవాడు. అలాంటివాళ్లంటే కన్నికాకి భయం. చేతిలో జామకాయ ముక్కల పొట్లం, పక్కన ఉప్పూకారం. ఒక ముక్క నములుతూనే షాపంతా ఒకసారి కళ్లతో కొలిచాడు.

హియా సెంగ్ ఎదురెళ్లి చేతులు జోడించాడు. ఆయనది ఆ ఊరి చైనా కుటుంబం. అరవైకి దగ్గరపడ్డాడు. వయసులో పెద్దవాళ్లు కూడా ఆయన్ని 'హియా', అంటే అన్నయ్య, అనే పిలుస్తారు. నడుముకి ఎప్పుడూ ఒక కొలత టేపు వేలాడుతుంటుంది. దాన్ని తాళాల గుత్తి లాగా తడుముకుంటూ మాట్లాడటం ఆయన అలవాటు.

"అయ్యా, నాకొక అనుమానం" అని మొదలుపెట్టాడు హియా. "మాస్టారు కొత్తద్దం పెట్టించుకున్న మర్నాడే బండిని గుడికి తీసుకెళ్లారు. భిక్షువుగారి చేత సున్నం బొట్లు పెట్టించారు. ఆ బొట్లేమైనా కెమెరాకి అడ్డం పడ్డాయేమో!"

"చూశాను" అన్నాడు థీరయుత్. "బొట్లు పైకప్పుకి ఉన్నాయి, డ్రైవరు నెత్తి మీద. కెమెరాకి జానెడు దూరం. గుడి దండ కూడా వెనక చూసే అద్దానికే వేలాడుతోంది, అదీ అడ్డం కాదు. దేవుడి మీద పెట్టడం తేలికే హియా, మనుషుల సంగతి చూద్దాం."

హియా టేపు తడుముకున్నాడు.

మాస్టారి కారు వెనక భాగం నుజ్జయిపోయింది కాబట్టి, థీరయుత్ అదే రకం కారు ఇంకొకటి వెంట తెచ్చాడు. "కన్నికా గారూ, ఆ రోజు ఏం చేశారో అంతా నా కళ్లముందు మళ్లీ చేయండి. ఒక్కటి కూడా వదలకండి" అన్నాడు.

కన్నికా మొదలుపెట్టింది. నాలుగు చక్రాల్లో గాలి చూసింది. డిక్కీలో ఉన్నవి దింపించింది. పెట్రోలు నిండుగా ఉందో లేదో చూసింది. అద్దాన్ని లోపలా బయటా తుడిచి, వెలుతురుకి పక్కనుంచి వంగి చూసి, వేలిముద్ర ఒకటి కనిపిస్తే మళ్లీ తుడిచింది. కారుని నేల మీది రెండు చక్రాల గాడుల్లోకి ఎక్కించింది. అద్దం నుంచి మూడు మీటర్ల దూరంలో, నేల మీద పసుపు రంగుతో వేసిన కూడిక గుర్తు ఉంది. నలుపూ తెలుపూ గళ్ల బోర్డు స్టాండుని సరిగ్గా ఆ గుర్తు మీద నిలబెట్టింది. కెమెరా ఆ బోర్డుని చూసి 'ఇదే నాకు తిన్నగా ముందు' అని నేర్చుకుంటుంది. పనంతా ఆ గుర్తులోనే ఉంది. కారుకి తగిలించిన యంత్రం రెండు నిమిషాలు ఆలోచించి పచ్చ దీపం వెలిగించింది.

"పాస్" అన్నాడు హియా గట్టిగా, పరీక్ష తనే రాసినట్టు.

"ఆ రోజు కూడా పాసే" అన్నాడు థీరయుత్, జామ ముక్కకి కారం అద్దుకుంటూ. "ఇప్పుడు ఈ గుర్తు వదిలేయండి. గుర్తులు లేని రోజుల్లో ఎలా కొలిచేవారో అలా కొలవండి. దారం కట్టండి."

ఈ మనిషి దేని కోసం వెతుకుతున్నాడో ముందే తెలిసి వచ్చాడా? ఎవరు చెప్పారు? పిచిత్ వైపు తిరిగింది. అతను గోడకి ఆనుకుని బూట్ల వంక చూసుకుంటున్నాడు.

తాపీమేస్త్రీలు వాడే గుండు దారం రెండు తీసింది. కారు ముందున్న కంపెనీ బొమ్మ మధ్య నుంచి ఒకటి, వెనకున్న బొమ్మ మధ్య నుంచి ఒకటి వేలాడదీసి, అవి తాకిన చోట్ల నేల మీద సుద్దతో చుక్కలు పెట్టింది. రెండు చుక్కల మీదుగా నీలం సుద్ద రాసిన దారం బోర్డు దాకా లాగి, మధ్యలో పట్టుకుని టప్‌మని వదిలింది. నేల మీద నీలంగా తిన్నని గీత పడింది.

ఆ గీత పసుపు గుర్తు మధ్య నుంచి పోలేదు. పక్కనుంచి పోయింది.

కన్నికా దారం చుట్టి, మళ్లీ మొదటి నుంచీ వేసింది. రెండోసారి కూడా గీత అక్కడే పడింది. పసుపు గుర్తు మధ్య గీతకి ఎడమ పక్కన, మూడు వేళ్ల వెడల్పు దూరంలో ఉండిపోయింది.

"ఆ గుర్తు పెట్టింది ఎవరు?" అన్నాడు థీరయుత్.

"నేనే" అంది కన్నికా.

"అమ్మాయ్, అమ్మాయ్..." అన్నాడు హియా జాలిగా. "ఎంత పొరపాటు చేశావమ్మా!"

ఆ జాలే ఆమెని నిద్రలేపింది. హియా పదకొండేళ్లలో ఆమెని తిట్టాడు, పొగిడాడు, పండక్కి డబ్బు పెట్టిన ఎర్ర కవర్లు ఇచ్చాడు. జాలి మాత్రం ఎప్పుడూ పడలేదు. అదీ ఇంత త్వరగా! కన్నికా తన సంచిలోంచి అట్టలు ఊడిన నోటుబుక్కు తీసింది. ఈ గది కట్టిన రోజు రాసుకున్న కొలతలన్నీ అందులో ఉన్నాయి. తన స్టీలు టేపు కుడి గోడకి ఆనించి గుర్తు మధ్య దాకా లాగింది.

"చూడండి సార్. కుడి గోడ నుంచి గుర్తుకి రెండు వందల అయిదు సెంటీమీటర్లు. నా చేత్తో రాసింది, కింద తారీఖు కూడా ఉంది. ఇప్పుడు ఇక్కడ రెండు వందల పది. గుర్తు దానంతటది నడిచిపోదు కదా?"

"పుస్తకంలో ఎప్పుడైనా రాయొచ్చు" అన్నాడు థీరయుత్.

"రాయొచ్చు. కానీ నేల అబద్ధం రాయదు." ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. "పిచిత్! నిన్న గుప్పిట్లో ఏం దాచావురా? ఇక్కడ పెట్టు."

"ఏం లేదక్కా..."

"కాఫీలు పోసి నోరు మూయిద్దామనుకున్నావా? నా కుర్చీ మీద నీకు ఎన్నాళ్లుగా కన్నుందో నాకు తెలీదనుకున్నావా? తియ్యి బయటికి!"

పిచిత్ మొహం నల్లబడింది. ప్యాంటు జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. లోపల గోరంత రంగు పెచ్చు. పైన పసుపు, కింద బూడిద రంగు, దాని కింద మళ్లీ పాత పసుపు.

"గుర్తుకి కుడి పక్కన గీకితే వచ్చింది" అన్నాడు. "కింద పాత గుర్తు ఉంది. నేను జరపలేదక్కా. మా అమ్మ మీద ఒట్టు, నేను జరపలేదు."

"మరి ఎవరు?"

పిచిత్ కళ్లు పోకూడని చోటికి పోయాయి. హియా నడుము దగ్గరికి పోయాయి. ఆ టేపు దగ్గరికి.

కన్నికా ఆ చూపు వెంటే వెళ్లింది. "హియా, మీ టేపొకసారి ఇవ్వండి."

"నాదెందుకమ్మా? నీది మంచి స్టీలుది కదా."

"ఇవ్వండి."

"అరె, కొలతలు ఎక్కడైనా ఒకటే!" హియా రెండు చేతులతో టేపుని కప్పేసుకున్నాడు. పరాయివాళ్ల ముందు పంచె ఊడిపోతున్నట్టు పట్టుకున్నాడు. థీరయుత్ లేచాడు. జామకాయ పొట్లం పక్కన పెట్టి, చెయ్యి చాచి నిలబడ్డాడు. కొంతసేపటికి టేపు ఆ చేతిలోకి వచ్చింది.

అది చైనా వాస్తు టేపు. ఊళ్లో సగం కొట్లలో దొరికేదే. అంకెల పక్కన గడులుంటాయి. ఎర్ర గడిలో పడిన కొలత శుభం, నల్ల గడిలో పడింది అశుభం. తలుపు చేయించినా మంచం చేయించినా ఎర్ర గడిలో పడేదాకా వడ్రంగి ప్రాణం తీసేవాళ్లు ఆ ఊళ్లో కోకొల్లలు. కన్నికా ఆ టేపు అందుకుని కుడి గోడకి ఆనించి లాగింది. రెండు వందల అయిదు దగ్గర వేలు పెట్టింది. నల్ల గడి. అందులో చైనా అక్షరం, కింద చిన్నగా థాయ్‌లో 'హాని' అని ఉంది. వేలు జరిపింది. రెండు వందల పది. కుంకుమంత ఎర్ర గడి.

ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

"అయితే ఏంటంట!" హియా ఒక్కసారిగా అరిచాడు. "నా షాపు, నా నేల! పోయినేడాది బేరాలు ఎలా పడిపోయాయో మీకేం తెలుసు? వాస్తు శాస్త్రిగారిని పిలిపించాను. గల్లాపెట్టె ఎరుపులో ఉంది, గుమ్మం ఎరుపులో ఉంది, దేవుడి పీట ఎరుపులో ఉంది. నడి షాపులో ఈ ఒక్క గుర్తే పోయి హానిలో కూర్చుంది! హానిని నట్టింట్లో పెట్టుకుని ఎవడు వ్యాపారం చేస్తాడు? కొత్త సంవత్సరానికి ఎలాగూ నేలకి రంగు వేయిస్తున్నాం కదా అని కాస్త జరిపించాను. అయిదు సెంటీమీటర్లు! అయిదంటే అయిదు! యంత్రం కూడా పాస్ అంటోందిగా!"

"హియా" అంది కన్నికా. టేపు బల్ల మీద పడేసింది. "మూడు మీటర్ల దగ్గర అయిదు సెంటీమీటర్లు. అదే అరవై మీటర్ల దగ్గర నిండు మీటరు. ఎడమ వరసలో తన దారిన తాను పోయే లారీ, బండికి తన ముందే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మాస్టారి కారు ఆగింది. బున్‌రోత్ తుంటి అందుకే విరిగింది. ఇన్ని రోజులూ నా చేతుల్ని నేనే అనుమానించుకున్నాను. అన్నం సయించలేదు నాకు! మీకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

హియా కుర్చీలో కూలబడ్డాడు. అరుపంతా దిగిపోయింది. మొహం తుడుచుకుని, ఈసారి సర్వేయర్ వైపు తిరిగి, గొంతు తగ్గించాడు.

"అయ్యా, ఈ సంగతి బయటికి పోతే షాపు మూతే. పన్నెండు కుటుంబాలు రోడ్డున పడతాయి. అమ్మాయి కొలతలో పొరపాటు పడిందని రాసేయండి. ఆరు నెలలు పని ఆపేస్తారు, అంతేగా? ఆ ఆరు నెలలూ ఆమెని నేను చూసుకుంటాను. నా సొంత చెల్లెల్లా చూసుకుంటాను."

కన్నికా థీరయుత్ వైపు చూసింది. ఈయన కొట్టిపారేస్తాడు, నిజం బయటపెట్టిందే ఈయన కదా అనుకుంది. థీరయుత్ కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

"అదీ ఒక దారే" అన్నాడు నెమ్మదిగా. "ఒక బండి, ఒక మనిషి పొరపాటు. ఫైలు ఇవాళే మూసేయొచ్చు. మా కంపెనీకీ తేలికే. మీరే ఆలోచించుకోండి కన్నికా గారూ. మీరు ఒప్పుకుంటే పోలీసు కేసు లేకుండా నేను చూస్తాను."

ఓహో! దారం కట్టించింది ఇందుకా? నిజం తెలుసుకోవడానికి కాదు, నిజం ఖరీదు ఎంతో చూసుకోవడానికి. ఆ గదిలో తన పక్కన నిలబడే మనిషి ఒక్కడు కూడా లేడని కన్నికాకి తెలిసిపోయింది. అంతకంటే ఇంకో మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది.

ఒక బండి.

"ఒక బండేంటి?" అంది పైకే. "నేలకి రంగు వేసింది చైనా కొత్త సంవత్సరానికి ముందు. అంటే అయిదు నెలలైంది. ఈ అయిదు నెలలూ నేనేం చేశాను, ఖాళీగా కూర్చున్నానా?"

రిజిస్టరు లాక్కుని పేజీలు తిప్పింది. వేలు పెట్టి లెక్కపెడుతూ పోయింది. దంత వైద్యురాలి కారు. పాలకేంద్రం మేనేజరు కారు. కొత్తగా పెళ్లయిన జంటది. పది. ఇరవై తొమ్మిది. నలభై మూడో బండి దగ్గర వేలు ఆగింది. ఆ వరస పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు ఉంది. తను పెట్టింది కాదు. బండి పిచిత్ మామగారిది.

"ఇదేంట్రా?"

పిచిత్ తల దించుకున్నాడు. "ఆ ఒక్కదానికీ మళ్లీ దారం కట్టి నేనే సరిచేశానక్కా. నెల కిందట గుర్తు అంచున పాత రంగు కనిపించింది. కొలిచి చూస్తే తేడా ఉంది. హియాకి చెప్పాను. నోరు మూసుకో, నీకే ఈ గది ఇస్తానన్నారు."

"మీ మామ బండి సరిచేసుకుని, మిగతావాళ్లని అలాగే రోడ్డు మీదికి వదిలేశావా?"

"తప్పయిపోయిందక్కా. మాస్టారి సంగతి విన్నప్పటి నుంచీ నాకు ముద్ద దిగట్లేదు. నిన్న ఆ పెచ్చు తీసింది నీకు చూపిద్దామనే. పొద్దున కాఫీ కూడా... చెబుదామనే తెచ్చాను. నోరు రాలేదు." అతను ఏడుస్తున్నాడు. ఆమెకి జాలి కలగలేదు. రెండు చెంపలూ వాయించాలనిపించింది. అంతకు ముందు లెక్క పూర్తి చేయాలి.

నలభై నాలుగు. యాభై. యాభై ఎనిమిది. చివరి పేజీ, చివరి వరస. అరవై ఒకటి. పోయిన గురువారం. పద్నాలుగు సీట్ల ప్యాసింజర్ వ్యాను. ఓనరు పేరు విరోజ్.

విరోజ్ ఆమె సొంత అన్న.

ఆ రోజు తాళాలు చేతికిస్తూ తను చెప్పిన మాట ఆమెకి గుర్తొచ్చింది. 'ఇక భయం లేదన్నా. నువ్వు బ్రేకు తొక్కడం మర్చిపోయినా బండే తొక్కుతుంది.' అన్న ఎంత మురిసిపోయాడు! ఎక్కిన ప్రతివాడికీ మా చెల్లి చేసిందని చెప్పుకున్నాడు. కన్నికా ఫోను తీసి అన్న నంబరు నొక్కింది. మూడో రింగుకి ఎత్తాడు. స్పీకరు మీద, ఇంజను చప్పుడు మధ్య, నవ్వుతూ.

"ఏమ్మా, అన్నం తిన్నావా? బ్యాంకాక్ నుంచి వచ్చేస్తున్నా. ఖాళీ లేదు, పదమూడు మంది."

"అన్నా, ఎక్కడున్నావ్?"

"లామ్‌తఖోంగ్ కొండ దిగుడు మొదలైందిప్పుడే. లారీలన్నీ ఎడమ వరసలో చీమల బారు, నేను కుడి వరసలో. అవునుగానీ, నీ బండి నాకంటే పిరికిదే! ఇందాక సరబురి దాటాక ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి తనే బ్రేకు వేయబోయింది. వెనక సీట్లో ముసలమ్మ నన్ను తిట్టిపోసింది." మళ్లీ నవ్వాడు. "వెనక ట్యాంకరు ఒకడు తోకలా పట్టుకుని వదలట్లేదు, హారన్ మీద హారన్..."

"అన్నా, నవ్వకు, చెప్పింది విను. స్టీరింగు పక్కన ఆ బ్రేకుని ఆపే బటన్ ఉంది. ఎడమ చేతి వైపు, బండి బొమ్మ ఉన్నది. దాన్ని మూడు సెకన్లు..."

"ఏంటీ? వినపడట్లేదమ్మా, కొండ చాటుకొచ్చా. ఏ బటన్?"

"బండి బొమ్మ! అది నొక్కి పట్టు..."

ఫోను కట్టయిపోయింది.

మళ్లీ చేసింది. ఆ నంబరు ఇప్పుడు అందుబాటులో లేదంది లోపలి ఆడగొంతు, ఎంతో మర్యాదగా. బల్ల అవతల థీరయుత్ కలం కాగితం మీద, 'లోపంతో బయటికెళ్లిన బండ్ల సంఖ్య' అన్న గడి దగ్గర ఆగి ఉంది. కన్నికా ఆ కలం అతని వేళ్లలోంచి లాక్కుని, గడిలో 61 అని రాసి, కింద తన పేరు సంతకం చేసి, మళ్లీ అన్న నంబరు నొక్కింది.